దగ్గితే తెగే వల కాదు నాన్నా!

మొన్న ఆదివారం రాత్రి పదకొండు దాటింది. ఫోన్‌లో రీల్స్ తిప్పుకుంటూ పడుకున్నా. హాల్లో నాన్న దగ్గుతున్నారు. నాలుగైదు సార్లు వరసగా, గట్టిగా. ఆ తర్వాత ఒక్కసారిగా చప్పుడు ఆగిపోయింది.

లేచి వెళ్ళి చూశా. సోఫాలో ఓ పక్కకి ఒరిగి, కుడి గజ్జ మీద అరచెయ్యి అదిమిపెట్టుకుని కూర్చున్నారు. ముఖం పాలిపోయి ఉంది.

"ఏమైంది నాన్నా?"

"తెగిపోయిందేమోరా."

"ఏది?"

"లోపల పెట్టిన వల."

నాన్నకి 59 ఏళ్ళు. ఉక్కునగరం క్వార్టర్స్‌లోనే నేను పుట్టి పెరిగా. ఆయన ఉద్యోగం స్టీల్ ప్లాంటు టెస్టింగ్ ల్యాబ్‌లో. మిల్లు నుంచి వచ్చిన చువ్వల్ని మెషీన్‌కి బిగించి, తెగేదాకా లాగి, ఎంత బరువుకి తెగిందో రాసుకోవడం ఆయన పని. అంత పని చేసే మనిషి రెండు నెలల కిందట హెర్నియా ఆపరేషన్ చేయించుకున్నారు. అదీ మూడేళ్ళు వాయిదా వేశాక. అన్నాళ్ళూ నడుముకి బెల్టు కట్టుకుని షిఫ్టులకి వెళ్ళారు. కారణం అడిగితే ఒకటే మాట: "పేగుల్ని ఆపేది ప్లాస్టిక్ వల ముక్కట! అదెన్నాళ్ళు ఆగుద్ది?"

మర్నాడు పొద్దున్నే ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. ఆయన పడుకోబెట్టి చూశారు, నిలబెట్టి చూశారు, దగ్గమన్నారు. "ఏం కాలేదండీ. కుట్టు దగ్గర మచ్చ లాగింది, అంతే. మెష్ తెగదు" అన్నారు. నాన్నకది చాల్లేదు. "ఎంతకి తెగదండీ? నంబర్ చెప్పండి" అన్నారు. డాక్టర్‌గారు నవ్వి నెక్స్ట్ పేషెంట్‌ని పిలిచారు.

ఆ నంబర్ కోసం వెతుకుతూ కూర్చుంటే ఈ వారం కాలమ్ తయారైంది ఫ్రెండ్స్. ఇది పెద్దవాళ్ళ జబ్బు, మనకెందుకు అనుకోకండి. ప్రపంచంలో ఏటా 2 కోట్లకు పైగా గజ్జ హెర్నియా ఆపరేషన్లు జరుగుతున్నాయి. మీ ఇంట్లో కాకపోతే మీ వీధిలోనైనా ఒకరుంటారు.

ముందు అసలు కథ

మన పొట్టకి ముందు వైపు కండరాల గోడ ఉంటుంది. ఆ గోడలో ఎక్కడైనా బలహీనత ఏర్పడితే లోపలి కొవ్వో పేగో అక్కడి నుంచి బయటికి తోసుకొస్తుంది. అదే హెర్నియా. మన పెద్దవాళ్ళు గిలక అనేవారు. నిలబడితే ఉబ్బుతుంది, పడుకుంటే లోపలికి పోతుంది. మందులతో మానదు. బెల్టు లోపలికి నొక్కి ఉంచుతుందే తప్ప రంధ్రాన్ని పూడ్చదు.

పాతకాలంలో ఆ రంధ్రం అంచుల్ని దగ్గరికి లాగి కుట్టేసేవారు. 1880లలో ఇటలీ సర్జన్ ఎడొఆర్డో బస్సీని ఆ పద్ధతికి ఒక క్రమం తెచ్చాడు. అప్పటికి అది చాలా గొప్ప విషయం. కానీ బిగుతైన చొక్కాకి గుండీ పెట్టినట్టే ఇది కూడా. లాగి కుట్టిన చోట ఎప్పుడూ బిగువు ఉంటుంది. ఆ బిగువుకి కుట్టు కోసుకుపోతే హెర్నియా మళ్ళీ వస్తుంది. అందుకే లాగకుండా పైన ఒక వల పరిచి వదిలేద్దాం అన్న ఆలోచన వచ్చింది. 1980లలో లాస్ ఏంజెలెస్ సర్జన్ ఇర్వింగ్ లిక్టెన్‌స్టీన్ ఈ 'బిగువు లేని' పద్ధతికి పేరు తెచ్చాడు. ఇవాళ ఎక్కువ ఆపరేషన్లకి ఆధారం అదే.

నాన్న అడిగిన నంబర్

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. భయపడకండి, ఇంటర్ ఫిజిక్స్ కంటే తేలిక.

2005లో అమెరికాలో 20 మంది ఆరోగ్యంగా ఉన్న యువతీయువకులకు పొట్ట లోపలి ఒత్తిడి కొలిచారు. నిలబడి దగ్గినప్పుడు సగటున 107 మిల్లీమీటర్ల పాదరసం దాకా పోయింది. ఉన్నచోటే ఎగిరినప్పుడు 171 దాకా వచ్చింది. చిన్న చిన్న బరువులు ఎత్తినప్పుడు వచ్చింది వీటికంటే చాలా తక్కువ. అంటే నీళ్ళ బిందె ఎత్తొద్దని మనం నాన్నని ఆపుతాం, కానీ ఆయన పొట్ట గోడకి పెద్ద పరీక్ష పెట్టేది దగ్గే!

ఒత్తిడి 150 అనుకుందాం. ఫిజిక్స్ భాషలో అది 20 కిలోపాస్కల్స్. రంధ్రం మూడు సెంటీమీటర్ల వెడల్పు అనుకుందాం. దాని విస్తీర్ణంతో గుణిస్తే ఆ రంధ్రం మీద పడే తోపు దాదాపు 14 న్యూటన్లు. తూకంలో చెప్పాలంటే కిలోన్నర కన్నా కాస్త తక్కువ.

జర్మనీలోని ఆకెన్ నగరపు పరిశోధకులు ఇంకా పెద్ద లెక్క వేశారు. మొత్తం పొట్టని 32 సెంటీమీటర్ల వెడల్పున్న బంతి అనుకుని, 20 కిలోపాస్కల్స్ ఒత్తిడికి ఆ బంతి గోడలో ఎంత లాగుడు పుడుతుందో చూశారు. సెంటీమీటరుకి 16 న్యూటన్లు అని తేలింది. అంటే ఒక సెంటీమీటరు వెడల్పు పట్టీకి సుమారు 1.6 కిలోల బరువు వేలాడదీసినట్టు. మరీ పెద్ద హెర్నియాలకి కూడా మెష్ తట్టుకోవాల్సింది ఇంతే. బాగా పలచటి మెష్‌లు కూడా దీనికి రెట్టింపు తట్టుకుంటాయి. పాత బరువైన రకాలైతే ఎన్నో రెట్లు.

ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే నాన్న కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చూశారు.

"కిలోన్నరేనా? మా 12 ఎమ్ఎమ్ చువ్వ సాగడం మొదలెట్టాలంటేనే ఐదున్నర టన్నుల పైమాట!"

"మీ పొట్ట ఫ్లైఓవర్ కాదు కదా నాన్నా."

ఆ రాత్రి తర్వాత ఆయన నవ్వడం అదే మొదటిసారి.

నేసింది కాదు, అల్లింది

మెష్‌ని దగ్గరగా చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. అది నేసిన బట్ట కాదు, అల్లిన బట్ట. తేడా ఏంటంటారా?

మన పొందూరు ఖద్దరు తీసుకోండి. నిలువుగా పడుగు, అడ్డంగా పేక. దారాలు ఒకదాని మీద నుంచి ఒకటి, కింద నుంచి ఒకటి వెళ్తాయి. కత్తెరతో కోస్తే అంచు దగ్గర దారాలు ఒక్కొక్కటే ఊడొస్తాయి. పైగా నిలువుగా లాగినా అడ్డంగా లాగినా పెద్దగా సాగదు.

ఇప్పుడు మీ క్రికెట్ జెర్సీని లాగి చూడండి. సాగుతుంది, వదిలితే వెనక్కి వస్తుంది. అందులో దారం తిన్నగా ఉండదు, ఉచ్చులు ఉచ్చులుగా ఉంటుంది. లాగితే ముందు ఉచ్చు ఆకారం మారుతుంది, దారం మీద భారం ఆ తర్వాతే పడుతుంది. అమ్మ చేత్తో అల్లిన స్వెట్టర్‌లో ఒకే ఊలు దారం వరస వెంట వరస పోతుంది కాబట్టి ఒక కొస దొరికితే మొత్తం ఊడిపోతుంది. సర్జరీ మెష్‌లో అలా జరగదు. అక్కడ వందలాది దారాలు నిలువుగా వస్తూ, ప్రతిదీ పక్క దారంతో అటూ ఇటూ ముడిపడుతుంది. ఎక్కడ కోసినా ఊడదు. ఆపరేషన్ బల్ల మీద డాక్టర్ మనిషి కొలతకి తగ్గట్టు కత్తెరతో కోసుకోవాలి కదా, ఆ అవసరానికి ఇదే సరైనది.

దీనికో మెలిక కూడా ఉంది. అల్లిక ఒక దిశలో ఎక్కువ సాగుతుంది, ఇంకో దిశలో తక్కువ. అందుకే కొన్ని మెష్‌ల మీద నీలి గీతలు ఉంటాయి. ఏ వైపు ఎటు పెట్టాలో డాక్టర్‌కి తెలియడానికి.

ఉక్కు ఓడిపోయిన చోటు

స్టీల్ ఊళ్ళో పుట్టినవాణ్ణి కదా, నాకు వెంటనే వచ్చిన డౌటు: ప్లాస్టిక్ ఎందుకు, ఉక్కు వల పెట్టొచ్చుగా?

పెట్టారు! ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వెండి తీగల వలలు వాడారు. 1940లలో టాంటలం అనే లోహపు వల వచ్చింది. స్టెయిన్‌లెస్ స్టీల్ వలలు కూడా వాడారు. బలానికి తిరుగు లేదు. కానీ గజ్జ దగ్గర మనిషి రోజుకి ఎన్నిసార్లు వంగుతాడు? కూర్చుంటే, లేస్తే, బైక్ ఎక్కితే, మెట్లు దిగితే. జెమ్ క్లిప్‌ని అటూ ఇటూ పది సార్లు వంచండి, పుటుక్కుమంటుంది. టాంటలం వలకి లోపల అదే గతి పట్టింది. కొన్నాళ్ళకి ముక్కలైంది, ఆ ముక్కలు గుచ్చుకున్నాయి.

ఈ కథ ప్లాస్టిక్ వైపు తిరగడం భలే తమాషాగా జరిగింది. 1951లో అమెరికాలోని ఫిలిప్స్ పెట్రోలియం కంపెనీలో పాల్ హోగన్, రాబర్ట్ బ్యాంక్స్ అనే ఇద్దరు కెమిస్టులు పని చేస్తుంటే గట్టి ప్లాస్టిక్‌లు తయారయ్యాయి. కంపెనీ వాటికి మార్లెక్స్ అని పేరు పెట్టింది. మొదట్లో సరుకు సరిగ్గా అమ్ముడుపోలేదు. అప్పుడు దాన్ని ఆదుకున్నది నడుము చుట్టూ తిప్పే హూలా హూప్ పిచ్చి! 1958లో అమెరికా పిల్లలంతా దాని వెనకే పడ్డారు. అదే ఏడాది హ్యూస్టన్ సర్జన్ ఫ్రాన్సిస్ అషర్ మార్లెక్స్ దారంతో నేసిన వలని హెర్నియాకి వాడి చూపించాడు. కొన్నేళ్ళకే నేత వదిలేసి అల్లికకి, పాలీఎథిలీన్ వదిలేసి పాలీప్రొపిలీన్‌కి మారాడు. పాలీప్రొపిలీన్ అయితే ఆవిరి వేడిలో శుద్ధి చేసినా తట్టుకుంటుంది. ఇవాళ నాన్న గజ్జలో ఉన్నది ఆ వంశానిదే. మన ప్లాస్టిక్ కుర్చీ, టిఫిన్ డబ్బా, సిమెంట్ బస్తా కూడా ఆ వంశమే అనుకోండి.

బలం ఎక్కువైతే తప్పేంటి?

ఇక్కడే నాన్న నాకు పాఠం చెప్పారు.

"ఒరేయ్, చువ్వ మీద ఎఫ్ఈ 500డి అని ఎందుకుంటాదో తెలుసా? 500 అంటే బలం. డి అంటే డక్టిలిటీ, సాగే గుణం. మామూలు 500 చువ్వ తెగేలోపు కనీసం 12 శాతం సాగితే చాలు. డి రకం 16 శాతం సాగాలి. బలం ఒకటే. కానీ భూకంపం వస్తే నిలబడేది డి రకమే. సాగనిది ఎంత గట్టిదైనా నమ్మకూడదు."

మెష్ కథ కూడా అచ్చం అంతే! ఇందాకటి 16 న్యూటన్ల లాగుడు దగ్గర మన పొట్ట గోడ నిలువు దిశలో సుమారు పావు వంతు నుంచి మూడో వంతు దాకా సాగుతుందని ఆకెన్ పరిశోధకులే కొలిచారు. పాత బరువైన మెష్‌లు చాలావరకు అందులో సగం కూడా సాగేవి కావు. అంటే మెత్తటి టీషర్టుకి జీన్స్ ముక్క అతుకు వేసినట్టు. అతుకు చిరగదు, కానీ కదిలినప్పుడల్లా పట్టేసినట్టు ఉంటుంది.

ఇంకోటి. మెష్ పెట్టాక దాని రంధ్రాల గుండా మన ఒంటి కణజాలం పెరిగి అల్లుకుంటుంది. అసలు కాపలా అదే. మెష్ ఒక పందిరి, మన కణజాలం బీర తీగ. పందిరి కర్రలు మరీ దగ్గర దగ్గరగా ఉంటే? రంధ్రాలు మచ్చతో మూసుకుపోయి మొత్తం ఒకే అట్టలా గట్టిపడుతుంది, ముడుచుకుంటుంది. అందుకే రంధ్రాలు ఒక మిల్లీమీటరు కన్నా పెద్దగా ఉండేలా, దారం తక్కువ పట్టేలా పలచటి మెష్‌లు వచ్చాయి. పాత రకం చదరపు మీటరుకి 100 గ్రాముల దాకా తూగేది. పలచటిది 30 గ్రాముల చుట్టుపక్కల. పది బై పదిహేను సెంటీమీటర్ల ముక్క తీసుకుంటే అది గ్రామున్నర, ఇది అరగ్రాము. నాన్నకి మూడేళ్ళు నిద్ర లేకుండా చేసింది ఈ పాటి బరువు.

అలాగని పలచటిదే అందరికీ మంచిదనీ కాదు. రంధ్రం మరీ పెద్దదైతే, దాని మీద వంతెనలా మెష్ పరవాల్సి వస్తే, పలచటిది మధ్యలో చిరిగిన సందర్భాలు కూడా నమోదయ్యాయి. అరుదే, కానీ ఉన్నాయి. ఎవరికి ఏది అన్నది రంధ్రాన్ని బట్టి డాక్టర్ తేల్చాలి.

మరి తేడా ఎక్కడ వస్తుంది?

హెర్నియా మళ్ళీ వచ్చిన కేసుల్లో ఎక్కువసార్లు మెష్ తెగి ఉండదు. అంచు దగ్గర జారి ఉంటుంది. రంధ్రం కంటే కాస్తే పెద్దదైన ముక్క పెడితే, అది ముడుచుకున్నాక అంచు రంధ్రం దాకా వచ్చేస్తుంది. అందుకే రంధ్రానికి నాలుగు వైపులా కొన్ని సెంటీమీటర్లు అదనంగా పరుస్తారు. మొదటి కొన్ని వారాలు ఆ అంచుని పట్టి ఉంచేది కుట్లు, చిన్న పిన్నులు, లోపలి ఒత్తిడి మాత్రమే. కణజాలం అల్లుకున్నాక ఇక అది ఒంట్లో భాగమే. ఆ మొదటి వారాల్లోనే డాక్టర్లు పెద్ద బరువులు వద్దనేది. నడవొద్దని కాదు. నడవమనే చెప్తారు.

అందుకే సిగరెట్ గురించి కూడా అడుగుతారు. పొగ కణజాలం అల్లుకోవడాన్ని దెబ్బ తీస్తుంది, పైగా దగ్గు తెస్తుంది. పందిరి ఎంత మంచిదైనా తీగ పాకకపోతే ఏం లాభం?

నొప్పి సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. గజ్జ హెర్నియా ఆపరేషన్ తర్వాత సుమారు 10 నుంచి 12 శాతం మందికి నెలల తరబడి ఎంతో కొంత నొప్పి ఉంటుంది. చాలామందికి కాలంతో తగ్గుతుంది. కొందరికి తగ్గదు. నరం ఇరుక్కున్నా, గట్టి మచ్చ లాగినా అలా ఉండొచ్చు. అలాంటివాళ్ళని 'ఊరికే భయం' అని కొట్టిపారేయకండి. మళ్ళీ డాక్టర్‌కి చూపించండి.

దోమతెర చెప్పిన నిజం

'దోమతెర ముక్క' అని వెటకారం చేసిన నాన్నకి ఈ కథ చెప్తే నోరు తెరిచారు. మహారాష్ట్ర ధూలే జిల్లాలో దొండాయిచా అనే చిన్న ఊరు. అక్కడ రవీంద్రనాథ్ టోంగావ్‌కర్ అనే సర్జన్ పని చేశారు. కంపెనీ మెష్ కొనలేని పేషెంట్లకి ఏం చెయ్యాలా అని ఆలోచించి, 1990లలో నిజంగానే దోమతెర బట్టని శుద్ధి చేసి వాడారు. అదీ అల్లిన ప్లాస్టిక్ దారమే మరి! 2003లో ఇండియన్ జర్నల్ ఆఫ్ సర్జరీలో ఆ ఫలితాలు రాశారు.

2016లో ఈ ఆలోచనకి పెట్టిన పెద్ద పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. ఉగాండాలో 302 మంది మగవాళ్ళని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి సుమారు 125 డాలర్ల కంపెనీ మెష్, ఇంకో గుంపుకి ఒక డాలర్ దోమతెర మెష్ పెట్టారు. ఏడాది తర్వాత చూస్తే హెర్నియా తిరిగొచ్చింది ఒక్కరికే. దోమతెర గుంపులో. కంపెనీ మెష్ గుంపులో ఎవరికీ రాలేదు. రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చారు. ఇంట్లో దోమతెర కోసుకెళ్ళమని కాదు బాబూ! అది ఎంపిక చేసిన బట్ట, లెక్క ప్రకారం శుద్ధి చేసింది. నేను చెప్పేది ఒకటే. ఒంటికి కావాల్సిన బలం అంత తక్కువ. ధర ఎక్కువైనంత మాత్రాన గట్టితనం మనకి అదనంగా ఒరగబెట్టేది ఏమీ లేదు.

శుద్ధి అంటే గుర్తొచ్చింది. మా ఉక్కునగరం పక్కనే, పెదగంట్యాడ వైపు, మెడ్‌టెక్ జోన్ ఉంది. 2018 డిసెంబరులో మొదలైంది. వైద్య పరికరాలు తయారు చేసే కంపెనీలు, వాటిని పరీక్షించే ల్యాబులు, గామా కిరణాలతో శుద్ధి చేసే కేంద్రం అన్నీ ఒకే చోట. అయితే పాలీప్రొపిలీన్‌కి గామా కిరణాలు పడవు. దారం పెళుసైపోతుంది. అందుకే ఇలాంటి మెష్‌ని ఎక్కువగా ఎథిలీన్ ఆక్సైడ్ వాయువుతో శుద్ధి చేస్తారు. చువ్వకి తుప్పు ఎలాగో ఈ దారానికి ఆ కిరణాలు అలాగ. రోడ్డుకి ఒక పక్క ఉక్కు బలం, ఇంకో పక్క ఒంట్లో పెట్టే వస్తువుల భద్రత. మా ఊరి పిల్లలకి ఉద్యోగాల లిస్టులో రెండోది కూడా చేరింది.

మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే

ఆపరేషన్‌కి ముందు డాక్టర్‌ని ఈ మూడూ అడగండి: ఏ రకం మెష్ పెడుతున్నారు, ఎంత సైజు, రంధ్రం చుట్టూ ఎంత అదనంగా పరుస్తారు. మెష్ ప్యాకెట్ మీద ఉండే స్టిక్కర్‌ని డిశ్చార్జ్ కాగితాల మీద అంటించమనండి, ఫోటో తీసి ఫోన్‌లో దాచండి. పదేళ్ళ తర్వాత ఎవరైనా అడిగితే అదే ఆధారం.

ఏ ఇబ్బందీ పెట్టని చిన్న గజ్జ హెర్నియా ఉన్న మగవాళ్ళకి డాక్టర్ 'కొన్నాళ్ళు చూద్దాం' అనొచ్చు. అది తప్పు కాదు. కానీ ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడినా, నొప్పి ఎక్కువైనా, వాంతులైనా, చర్మం రంగు మారినా రాత్రని పగలని చూడకుండా ఆస్పత్రికి పరిగెత్తాలి. పేగు ఇరుక్కుంటే గంటలు కూడా ముఖ్యమే. మూడేళ్ళు బెల్టుతో నెట్టుకొచ్చిన నాన్నకి అలా కాకపోవడం మా అదృష్టం, అంతే.

నిన్న సాయంత్రం నాన్న, నేను ఉక్కునగరంలో వాకింగ్‌కి వెళ్ళాం. దారిలో మళ్ళీ దగ్గు వచ్చింది. అలవాటుగా చెయ్యి గజ్జ మీదకి పోయింది. మధ్యలోనే ఆగి, నా వైపు చూసి, చెయ్యి తీసేశారు.

"కిలోన్నరే కదా" అన్నారు.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది, ఏటీ ఇవాళ ఇంత దూరం నడిచారు అని. నాన్న సమాధానం చెప్పలేదు. కాగితం మీద నేను వేసిన లెక్కని మడిచి ఆయన డైరీలో పెట్టుకున్నారు, ల్యాబ్ రిపోర్టుల పక్కన.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.